మూడుకు మూడు

"దత్తాంశం: మూడు నెలల్లో మన కొరియర్లు ముగ్గురు హతం. మూడుసార్లూ వాళ్ల రూటు మన ఏజెంట్ కనకలక్ష్మికి తెలుసు. సారాంశం: కనకలక్ష్మి ద్రోహి."

చీఫ్ భీమేశ్వరరావు ఫైలు మూశాడు. సీక్రెట్ సర్వీసులోకి రాకముందు ఆయన కాలేజీలో లెక్కల లెక్చరర్.

"ఉపపత్తి, సర్?" అన్నాడు ఏజెంట్ యజ్ఞనారాయణ.

"ఇంకేం రుజువు కావాలయ్యా? మూడుకు మూడూ సరిపోయాయి. నాలుగింటికి కొండాపూర్ బండల దగ్గర ఆవిడ విదేశీ ముఠాను కలుస్తుంది. ముందే షూట్ చేసెయ్."

"యస్సర్."

కిందటేడు, ద్రోహి అని చీఫ్ తేల్చిన లింగమూర్తి విషయంలోనూ యజ్ఞ ఇదే మాట అన్నాడు. వెళ్లి కాల్చి వచ్చాడు.

అది 1973 ఏప్రిల్. మేకల బేరగాడి వేషంలో, భుజాన వైర్‌లెస్ దాచిన ట్రాన్సిస్టర్‌తో యజ్ఞ బండ చాటున కూర్చున్నాడు. మనసు మనసులో లేదు. వెయ్యి త్రిభుజాలు కొలిచి చూపినా సిద్ధాంతం రుజువైనట్టు కాదనీ, ఒక్క త్రిభుజం ఎదురు తిరిగితే చాలు అది కూలిపోతుందనీ ట్రెయినింగ్‌లో చెప్పింది ఈ చీఫే. మరి ఇవాళ మూడుతో సరిపెట్టేశాడేం?

చీఫ్ వాదంలో కనకలక్ష్మి పేరు తీసేసి తన పేరు పెట్టి చూశాడు. మూడు రూట్లూ తనకూ తెలుసు. పొల్లు పోకుండా సరిపోయింది. కానీ తాను ద్రోహి కాదు. అంటే ఆ వాదమే తప్పు. యజ్ఞకు భయం వేసింది.

మరి రూట్లు బయటికెలా పోయాయి? రూటు మాట్లాడిన ప్రతిసారీ తన పక్కనే ఉన్నది ఈ ట్రాన్సిస్టరే. జనవరిలో బయటి షాపులో రిపేరు చేయించాడు. చాకుతో వెనక మూత ఊడదీశాడు. లోపల బఠాణీ గింజంత మైక్రోఫోన్. డిపార్ట్‌మెంటుది కాదు.

మూడూ యాభై ఎనిమిది. నల్ల కళ్లద్దాలు, నైలెక్స్ చీర, చేతిలో హ్యాండ్‌బ్యాగు. ముఠాలో చేరినట్టు నటిస్తూ రెండేళ్లుగా వాళ్ల గుట్టు లాగుతున్న డబుల్ ఏజెంట్ కనకలక్ష్మి బండ మలుపు తిరిగింది. ఎదురుగా పిస్టల్ చూసి ఆగిపోయింది.

"ఏంది యజ్ఞన్నా, నన్నే కాలుస్తవా? ముఠా లిస్టు తెచ్చిన. జర చూడు ముందు."

యజ్ఞ పెదాల మీద వేలు పెట్టి, ట్రాన్సిస్టర్ చూపించి, నేలవైపు సైగ చేశాడు. ఆమె పడుకుంది. అతను బండను కాల్చాడు.

"పని అయిపోయింది, చీఫ్," అన్నాడు మైక్రోఫోన్‌కు వినబడేలా. వెంటనే బండ చాటుకు తప్పుకున్నాడు.

నిమిషంలో ఇద్దరు విదేశీయులు తుప్పల్లోంచి పరుగెత్తుకొచ్చారు. ఒకడు లిస్టున్న హ్యాండ్‌బ్యాగు కోసం వంగాడు. శవం లేచి కూర్చుని అతని నుదుటికి రివాల్వర్ ఆనించింది. రెండోవాడికి యజ్ఞ చాటునుంచి గురిపెట్టాడు.

"చేతులు మీదికెత్తుండ్రి," అంది కనకలక్ష్మి.

సాయంత్రం చీఫ్ యజ్ఞ భుజం తట్టాడు. "ఒక ప్రాణం నిలబెట్టావయ్యా."

"సర్, లింగమూర్తి ఫైల్లో ఎన్ని ఉదాహరణలున్నాయండీ?"

చీఫ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రెండు."

లెక్కల మాస్టారు కదా, అంకె దగ్గర అబద్ధమాడలేకపోయాడు.