శ్రుతిపూస

విజయనగరం గంటస్తంభం దగ్గర ఇద్దరు ఆటోవాళ్లు చొక్కాలు పట్టుకుని కొట్టుకుంటున్నారు. దారిన పోయేవాళ్లకు మాత్రం అది కమ్మటి కళ్యాణి రాగంలో ఆలాపన. అందరి చెవుల్లోనూ శ్రుతిపూసలున్నాయి మరి. ఆ పూస ప్రతి చప్పుడునీ శ్రుతిలో పెడుతుంది. గొంతులో కోపమో, భయమో, ఏడుపో తగిలితే మాటల్ని కరిగించి ఒట్టి ఆకారంగా, 'ఆ...' అనే రాగంగా వినిపిస్తుంది. పూస లేకుండా గుళ్లోకి వెళ్లడం మైలతో వెళ్లడమేనని ఈ మధ్య కొత్త ఆచారమొకటి పుట్టుకొచ్చింది. అపశ్రుతి దేవుడికి పడదట! ఆయన ఎవరితో చెప్పాడో గాని.

సంగీతం టీచరు సీతారత్నం గుడికి చేరింది. ఏళ్ల తరబడి తాను పాడిన మేలుకొలుపు సేవను ఇవాళ శిష్యురాలు మందాకినికి అప్పగించాలి. పిల్ల ఎలా పాడుతుందోనని ఒకటే బెంగ.

మందాకిని చేతులు జోడించి అందుకుంది. మేలుకొలుపు కాదు, ముఖారి రాగాలాపన. నిన్న పాఠంలోనూ ఇదే వరస. "ఆ ధైవత స్వరం మీద ఇంకొంచెం నిలువమ్మా, మళ్లీ అను" అంటూ సీతారత్నమే పదేపదే అనిపించింది.

"ఆహా! భక్తంటే ఇదీ" అన్నారు అర్చకులు వరాహాచార్యులుగారు కళ్లు తుడుచుకుంటూ.

సీతారత్నానికీ కళ్లు చెమర్చాయి. అంతలోనే ఏదో తేడా కొట్టింది. ఆకారానికి నోరు తెరిచే ఉండాలి. ఈ పిల్ల పెదవులు మాటిమాటికీ కలుసుకుంటున్నాయేమిటి? తన చూపు మందగించిందా, పూస చెడిందా? కంటిని నమ్మాలో చెవిని నమ్మాలో పాలుపోలేదు. గుళ్లో ఉన్నానన్న సంగతి కూడా మరిచి పూస పీకేసింది.

"...ఇంటికి పంపకండమ్మా. మా ఆయన చంపేస్తాడు. నిన్నా చెప్పాను కదమ్మా, మళ్లీ మళ్లీ చెప్పించుకుని పంపేశారు..."

బొంగురు గొంతు, ఎక్కిళ్లు.

"ఆపండి! పిల్ల ఏడుస్తోందయ్యా!" అని సీతారత్నం గొంతు చించుకుని అరిచింది.

గుడి మొత్తం తన్మయంగా తలలూపింది. "టీచరుగారు కూడా అందుకున్నారు!" అంటూ ఆచార్యులుగారు తొడ మీద తాళం మొదలుపెట్టారు.

ఆమె చేతిలోని పూసను మందాకిని అప్పుడు చూసింది.

"ఇప్పుడు వినపడుతోందా అమ్మగారూ?"

"వినపడుతోంది తల్లీ. పద, మా ఇంటికెళ్దాం."

వెనక చప్పట్లు మోగుతుండగా ఇద్దరూ మెట్లు దిగారు. చివరి మెట్టు దగ్గర సీతారత్నం ఉండబట్టలేక అడిగింది.

"నిన్న నిన్ను ఏ మాట మీద నిలవమన్నానే?"

"చంపేస్తాడన్న మాట మీదమ్మా."