నత్త మీద గుడి

"గుడి ఫోటోలు తీయాలి. ఆదివారం మధ్యాహ్నం రండి. సాయంత్రం ఆరింటికల్లా పంపించేయాలి" అని ఫోన్లో ఒక అమ్మాయి చెప్తే ఎవరైనా ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. పెద్ద లెన్సు సర్దుకుని, పక్క షాపతన్ని బతిమాలి ఆరడుగుల నిచ్చెన తెచ్చుకున్నాను. వాన దంచికొడుతోంది. నిచ్చెన భుజానేసుకుని మూడంతస్తులు ఎక్కి తలుపు కొట్టాను.

తలుపు తీసిన అమ్మాయి నన్ను చూడలేదు. నిచ్చెన్ని చూసింది.

"సున్నాలు వేయడానికి మేం ఎవర్నీ పిలవలేదండీ."

"ఫోటోగ్రాఫర్నండీ. గుడి ఎక్కడ?"

"డైనింగ్ టేబుల్ మీద."

నవ్వాపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది. ఆ నవ్వు నా మీదే అని తెలిసినా నాకు ఏమాత్రం కష్టమనిపించలేదు. అసలు ప్రమాదం అక్కడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది.

లోపలికి వెళ్ళి చూశాను. టేబుల్ నిండా ఒక పెద్ద నత్త. దాని వీపు మీద గుడి. అంతా పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలే. గుల్ల చుట్టూ మెలికలు తిరుగుతూ మెట్లు, తెల్లటి గోడలు, సన్నటి స్తంభాలు, పైన బంగారు రంగు కప్పు, దాని మీద శిఖరం. నత్త కొమ్ముల చివర రెండు చిన్న దీపాలు కూడా ఉన్నాయి.

"ఏ దేవుడి గుడి అండీ ఇది?"

"ఎవరికి కావాల్సిన దేవుడు వాళ్ళకి. గుడి దాకా నడవలేని వాళ్ళుంటారు కదా, వాళ్ళ దగ్గరికి గుడే నడిచి వెళ్తుంది."

"నత్త మీదా? ఎప్పటికి చేరుతుంది?"

"నిదానంగా చేరుతుంది. చేరడం ముఖ్యం" అంది, ఇందులో నవ్వేదేముంది అన్నట్టు.

పళ్ళ ల్యాబ్‌లో ఆరేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తోందట. ఇది ఒక బొమ్మల కంపెనీ పెట్టిన పోటీ. గెలిచిన వాళ్ళకి ఆ కంపెనీ మోడళ్ళు తయారుచేసే చోట ఉద్యోగం. ఎనిమిది నెలలు ఇంటికి రాగానే కూర్చుని కట్టిందట. ఈ రోజే ఆఖరు.

"మా మనవరాలు కట్టిన పళ్ళే ఇవి" అంటూ కిటికీ పక్క కుర్చీలోంచి ఒకావిడ నోరు తెరిచి చూపించింది. అమ్మమ్మ. మోకాళ్ళు మొరాయించి రెండేళ్ళుగా ఆ కుర్చీకే అంకితం. "నువ్వేం ఫోటోలు తీస్తావు అబ్బాయ్?"

"కుక్కర్లు, చెప్పులు, వాచీలు. కేటలాగుల కోసం అమ్మమ్మగారూ."

"అయితే కుక్కర్లబ్బాయివన్నమాట. మా పిల్ల పని పాడుచేశావంటే ఈ పళ్ళతోనే నమిలేస్తాను" అంది. తర్వాత ఒక కునుకు తీసింది.

ఆ అమ్మాయి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. నేను లైటు సరిచేస్తున్నాను. కింద రోడ్డు మీద లారీ వెళ్ళినప్పుడల్లా బంగారు శిఖరం వణుకుతోంది. వణికితే ఫోటో చెడిపోతుంది. మా వృత్తిలో దీనికి మందు ఒక్కటే. చెప్పుల పట్టీ నిలబడాలన్నా జిగురే, వాచీ బెల్టు వంగాలన్నా జిగురే. కేటలాగులో మీరు చూసే ఏ వస్తువూ తన కాళ్ళ మీద తను నిలబడదు. జేబులోంచి ట్యూబు తీసి శిఖరానికీ కప్పుకీ అతుకు అతుకునా ఒక్కో చుక్క వేశాను. రాయిలా నిలబడింది. అడక్కుండానే సాయం చేశానని నాలో నేనే మురిసిపోయాను. చూసుకుంటే నా బొటనవేలూ చూపుడువేలూ కూడా రాయిలా అంటుకుపోయాయి.

ఆమె కప్పు అందించింది. ఎడమచేత్తో తీసుకున్నాను.

"ఒక సంగతి తెలుసా అండీ? ఇందులో మూడువేల పైచిలుకు ముక్కలున్నాయి. ఒక్క చుక్క జిగురు లేదు" అంది గర్వంగా. "పోటీలో మొదటి నియమమే అది. గెలిచిన మోడల్‌ని వాళ్ళు ముక్క ముక్కగా విప్పి చూస్తారు."

తేలు కుట్టిన దొంగలా గప్‌చుప్‌గా కెమెరా వెనక్కి వెళ్ళాను. మధ్యవేలితో నొక్కుతూ పది ఫోటోలు తీశాను. ఫోటోలో జిగురు కనపడదు. గెలుస్తుందో లేదో ఎవరికి తెలుసు? గెలిస్తే అప్పుడు కదా గొడవ. ఇలాంటి లెక్కలన్నీ ఆ పది ఫోటోల్లోనే వేసేశాను.

ఆమె నా పక్కకొచ్చి స్క్రీన్ చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది నేను కట్టిందేనా? చాలా థాంక్సండీ. మీరు దొరకడం నా అదృష్టం."

ఆ మాట అనకుండా ఉంటే నోరు మూసుకుని వెళ్ళిపోయేవాణ్ణేమో. అంది కాబట్టి ఇక నావల్ల కాలేదు.

"థాంక్స్ చెప్పకండి. శిఖరం వణుకుతోందని జిగురు వేసేశాను."

"జోకులేస్తున్నారా?"

అంటుకున్న వేళ్ళు పైకెత్తి చూపించాను.

ఆమె శిఖరం పట్టుకుని పైకి లాగింది. గోడల మీంచి బంగారు కప్పంతా శిఖరంతో సహా ఒకే ముద్దగా ఊడొచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఒక్క ముక్కా కదల్లేదు.

"ఎవరు వేయమన్నారు నిన్ను? నా దగ్గర ఇంకో బంగారు ముక్క లేదు. ఉన్నవన్నీ ఇందులోనే పెట్టాను. టైమెంతో తెలుసా? నాలుగున్నర!"

కోపంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. ఆ రోజు నాకు మిగిలిన లాభం అదొక్కటే అనుకున్నాను.

"తప్పే. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"చేతులు కాలాక ఏం చేస్తావు? వెళ్ళిపో. నిచ్చెన కూడా పట్టుకుపో."

ఆ కేకలకి అమ్మమ్మ లేచింది. మెల్లగా టేబుల్ అంచు పట్టుకుని నిలబడి, కప్పు లేని గుడిలోకి తొంగి చూసింది.

"ఏమే, లోపల ఇన్ని కట్టావా?"

నేనూ చూశాను. బయటి నుంచి ఎవరికీ కనపడని చోట, నేల మీద నీలం పువ్వుల గచ్చు వేసి ఉంది. గోడ వారగా మెట్లు. మూడు మెట్లకొకటి చొప్పున కూర్చోవడానికి చిన్న బల్ల. అన్నిటికంటే పైనున్న బల్ల మీద తెల్లజుట్టు బొమ్మ ఒకటి, చేతికర్ర పక్కన పెట్టుకుని తీరిగ్గా కూర్చుంది.

"కప్పు పెట్టేస్తే ఇదంతా ఎవరు చూస్తారే?"

"పన్ను లోపల కూడా ఎవరూ చూడరు అమ్మమ్మా. అయినా సరిగ్గా చెయ్యకపోతే నొప్పెడుతుంది."

"ఈ ముసలావిడ నేనేనా?"

ఆ అమ్మాయి తలూపింది. అమ్మమ్మ ఏడ్వలేదు. నోరంతా తెరిచి, మనవరాలు కట్టిన పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. ఆ ముఖం చూశాక నాకు ఆగడం చేతకాలేదు.

"అమ్మమ్మగారూ, కదలకండి! కప్పు వద్దండీ. అసలు పెట్టొద్దు" అని ఆ అమ్మాయి వైపు తిరిగాను. "మీరు ఆ కుర్చీ మీది తెల్ల దుప్పటి కిటికీకి ఎదురుగా పట్టుకోండి, ఒక్క పావుగంట!"

ఆ అమ్మాయి నా వైపు ఒక చూపు చూసింది. కొట్టాలా నమ్మాలా అని తేల్చుకోలేని చూపు. తర్వాత దుప్పటి అందుకుంది.

నిచ్చెనెక్కి పై నుంచి తీశాను. వాన వెలుతురు మెత్తగా గుడి లోపలికి దిగింది. నీలం పువ్వులు, బల్లలు, తెల్లజుట్టు బొమ్మ, గోడ మీంచి లోపలికి తొంగి చూస్తున్న అమ్మమ్మ ముఖం. కుక్కర్లు తీసే చేతికి అంత మంచి ఫోటో దొరుకుతుందని నేనెన్నడూ అనుకోలేదు. ఆరుకి ఎనిమిది నిమిషాలుందనగా పంపించేశాం. పాత ఫోటోలు ఆ అమ్మాయే తుడిచేసింది.

అప్పుడు నా చెయ్యి లాక్కుని, ల్యాబ్ బ్యాగులోంచి జిగురు వదిలించే మందు సీసా తీసి, వేళ్ళ మధ్య చుక్క చుక్కగా వేయడం మొదలుపెట్టింది.

"ఇదేదో ఆ శిఖరానికి వేసుంటే ఊడొచ్చేది కదా?"

"ప్లాస్టిక్కు కరిగిపోతుంది. నీ తోలు మందం కాబట్టి ఏం కాదు."

వేళ్ళు విడిపోయాయి. ఆమె చెయ్యి మాత్రం ఇంకాసేపు వదల్లేదు. నేను గుర్తుచేయలేదు.

నెల తర్వాత, స్టూడియోలో కుక్కర్ తుడుస్తుంటే ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఉత్తరం. ఉద్యోగం వచ్చింది. గుడిని ముక్క ముక్కగా విప్పి చూశారట, అన్నీ సాఫీగా ఊడొచ్చాయట.

"కంగ్రాట్స్! మొత్తానికి నా జిగురు మంచే చేసింది."

"మరీ అంత లేదు. జిగురుకి థాంక్స్ చెప్పడానికి రాలేదు నేను" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. "నువ్వు చెప్పకుండా ఉంటే ఆ రోజు నాకు తెలిసేది కాదు. గెలిచాక వాళ్ళు విప్పేవాళ్ళు. ఎంతమందిలో తలదించుకునేదాన్నో. ఆ పూట నా చేత తిట్లు తినైనా నిజం చెప్పావు చూడు, దానికి థాంక్స్."

తప్పు చేసినవాణ్ణి తిట్టే వాళ్ళని చాలామందిని చూశాను. ఒప్పుకున్నందుకు వెతుక్కుంటూ వచ్చి థాంక్స్ చెప్పే మనిషిని అప్పుడే చూశాను. నా అదృష్టానికి నాకే నమ్మకం కుదరలేదు.

"ఇంకోటి" అంది ఆమె, కుక్కర్ మూత వైపు చూస్తూ. "అమ్మమ్మ ఒక మాట చెప్పి రమ్మంది. తప్పు చేసి దాచని కుర్రాడు దొరకడం కష్టం, వాణ్ణి వదులుకోకు, పెళ్ళి చేసుకో అని."

"అంత మాట అమ్మమ్మే అన్నారా?"

"వదులుకోకు అన్నంత వరకూ అమ్మమ్మ."

మిగతాది ఎవరన్నారో నాకు అర్థమయ్యేసరికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నేను మాత్రం ఈసారి ఆలోచించుకుంటూ కూర్చోలేదు. చేతిలో ఉన్న గుడ్డ పక్కన పెట్టి, "పద, అమ్మమ్మని అడుగుదాం" అన్నాను.