దొంగకిచ్చిన నడక

ఆ ప్రసూతి ఆసుపత్రి తలుపులకు తాళాల్లేవు. వచ్చేవాళ్ల నడక చూసి తెరుచుకుంటాయి. నగరంలో నాలుగు వందల భవనాలకు ఇదే ఏర్పాటు. ఈ 'నడకపట్టు'ను రూపొందించిన హైమవతి ఆ ఉదయం తనిఖీకి వచ్చి కాపలా గదిలో కూర్చుంది.

"మూడు రోజులుగా ఒకే దొంగండీ. రోజూ క్యారేజీ పట్టుకుని వస్తోంది. క్యారేజీ లోపలికి పంపిస్తున్నాను గానీ, మనిషిని పంపే అధికారం నాకు లేదు," అన్నాడు కాపలాదారు చిన్నంనాయుడు.

తెర మీద ఒక ముసలామె ఎడమకాలు ఈడుస్తూ వస్తోంది. తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. ముఖం కనబడకముందే హైమవతికి ఆ నడక తెలిసిపోయింది.

పదేళ్ల క్రితం హైమవతి కంప్యూటర్‌లో ఛాయాభవనాలు కట్టేది. అసలు భవనం లేవకముందే దాని నమూనాలో ఛాయామనుషులను వేల రోజులు తిప్పి, భద్రతలో లోపాలు వెతికేది. ఉద్యోగుల నడకలు దొరికాయి. దొంగ నడక ఎవరిస్తారు? గడువు ముంచుకొస్తోంది. ఆఫీసు ఊడ్చే నూకాలమ్మను పిలిచి, "కాస్త అటూ ఇటూ నడువు," అంది. అందరిలో వేరుగా కనబడే నడకైతే యంత్రం ఇట్టే పట్టేస్తుంది, పరీక్ష నెగ్గుతుంది. ఆ సంగతి తెలిసే పిలిచింది. ఆ నడకే ఛాయాదొంగకు పెట్టి, తర్వాత మారుద్దామనుకుంది. నమూనాకు బహుమతి వచ్చాక ఆ ఊసే ఎత్తలేదు. ఆ దొంగ నడక అలాగే నగరంలోని అసలు తలుపులన్నిటికీ చేరింది.

హైమవతి బయటికి వెళ్లింది.

"హైమమ్మా! మీరేనేటి?" నూకాలమ్మ ముఖం వెలిగింది. "మా పిల్లకి పురుడొచ్చిందమ్మా. మనవరాల్ని ఇంకా సూడ్నేదు. ఎలా నడిస్తే ఈ తలుపు రానిస్తాదో సూపించండి. నేర్సుకుంటాను."

హైమవతికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"నీ నడకలో తప్పేమీ లేదు నూకాలమ్మా. నీ నడక తీసుకెళ్లి దొంగకిచ్చింది నేనే."

నూకాలమ్మ ఎర్రదీపం వంక చూసింది.

"బేంకు తలుపుకీ, రేషన్ తలుపుకీ కూడానా?"

"అన్నిటికీ."

"నానే ఏదో పాపం సేసుకున్నాననుకున్నాను. పదేళ్లమ్మా..."

హైమవతి తన గుర్తింపు కార్డు తలుపుకు చూపించి, తలుపును చేత్తో తెరిచి పట్టుకుంది. పచ్చదీపం వెలిగింది. వరండాలో జనం చూస్తున్నారు. నూకాలమ్మ పళ్లు బిగించి, ఎడమకాలు ఈడవకుండా నడవడానికి ప్రయత్నిస్తూ లోపలికి వెళ్లింది.