నేలమాళిగలో డ్రమ్ము

ఆ పాత భవనం నేలమాళిగకి చెడ్డపేరు వచ్చి ఏడాదైంది. పొద్దుగూకాక ఆ మెట్ల వైపు పిల్లి కూడా పోదనేవారు. ఎవరూ లేని గదిలో డ్రమ్ము మోగుతుందట... అద్దెకి దిగిన ముగ్గురూ మూటాముల్లె సర్దుకుని పోయారట. ఇదంతా అక్కడి వాచ్‌మన్ మాట. ఆయన గోరంతని కొండంత చేసే మనిషే. కానీ ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించేవాడు.

ఆ రాత్రి ఆ మెట్లు దిగినవాణ్ణి ఊరంతా ఎరుగుదురు. రాక్ పాటగాడు. జనం పెట్టుకున్న పేరు తుఫాను. గుమ్మం దాటితే ఫోటోలు, గుమ్మం మూస్తే నాలుగు గోడలు. తిన్నావా అని అడిగే మనిషి లేడు పాపం. ఏడాదిగా అతని గొంతులోంచి ఒక్క కొత్త పాటా రాలేదు.

అతను వచ్చింది దెయ్యం కోసమే.

ఆ గదిలో అతనూ, అతని డ్రమ్మరూ పదేళ్లు ప్రాక్టీసు చేశారు. పేరొచ్చాక కొత్త ఆల్బమ్‌లో డ్రమ్స్ మిషన్‌తో కానిచ్చేశాడు తుఫాను. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే అదే. డ్రమ్మరు పల్లెత్తు మాట అనలేదు. ఒక రాత్రి మాత్రం ఫోన్ చేశాడు. తుఫాను ఎత్తలేదు. తెల్లారేసరికి డ్రమ్మరు ఈ గదిలోనే గుండె ఆగి పడి ఉన్నాడు.

తుఫాను లైటు వేయకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గంట గడిచింది... ఏమీ లేదు.

అప్పుడు — ధబ్!

ధబ్... ధబ్... గది చివర చెక్క అడ్డు ఉంది. దాని వెనకే వాడి డ్రమ్ములు. చప్పుడు అక్కణ్ణించే. కానీ దెబ్బ దెబ్బకీ ఆలస్యం. గడియారం తప్పినా వాడి చెయ్యి తప్పేది కాదే... చచ్చాక కూడా అలసటేనా? ఆ ఆలోచనకి అతనికి ఏడుపు తన్నుకొచ్చింది.

“ఒరేయ్... నేన్రా,” అన్నాడు గుసగుసగా.

డ్రమ్ము ఆగింది.

“నీ ఫోన్ చూశాన్రా. చూసే ఎత్తలేదు. నీతో మాట్లాడాలంటే సిగ్గేసింది. క్షమించరా... పోనీ, తిట్టనైనా తిట్టరా.”

చీకట్లో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

దెయ్యాలకి జలుబు చేయదు కదా. అతను లేచి తడుముకుంటూ లైటు వేశాడు.

అడ్డు వెనక, డ్రమ్ముల ముందు — డ్రమ్మరు అక్క! చేతిలో తమ్ముడి కర్రలు. ఆమె వెనక, పెరటి మెట్ల వైపు తలుపు ఓరగా తీసి ఉంది.

“నేనేరా,” అందామె. “గది అద్దెకి పోతే వీటిని చెత్తలో పారేస్తారు. దెయ్యం ఉందంటే ఎవరూ ముట్టుకోరని అప్పుడప్పుడూ వచ్చి కొడుతుంటా. నాకు వాయించడం ఎక్కడొచ్చు?”

అతను అక్కడే కూలబడ్డాడు. “అంతా విన్నావుగా అక్కా. వాడి బదులు నువ్వైనా తిట్టు.”

అక్క కర్రలు ఒళ్లో పెట్టుకుంది.

“నువ్వు ఎత్తకపోతే వాడు ఇంకెవరికి చేశాడనుకున్నావు?”

అతను తలెత్తాడు.

“నాకేరా... నాలుగుసార్లు మోగింది. నిద్ర పాడవుతోందని దిండు కింద పెట్టేసి పడుకున్నా.”