మోతీకి లేని లోపాలు

ప్రణతి తెల్ల కుర్తాకి గుర్రం రంగు అంటుకుంది.

అంటుకోవడమంటే అలా ఇలా కాదు. ముచ్చటపడి దాని మెడకు ఆనుకున్న పాపానికి భుజం నుంచి మోచేతి దాకా నల్లటి చార పడింది. రుమాలుతో తుడిస్తే రుమాలూ నల్లబడింది. గుర్రం మెడ మీద మాత్రం, ఆనుకున్న మేరకు, నెరిసిన వెంట్రుకలు బయటపడ్డాయి.

"రవిచంద్ర గారూ, ఏంటండీ ఇది?"

"చెమటండీ," అన్నాడు అమ్మడానికొచ్చిన రవిచంద్ర, కనురెప్ప కూడా ఆర్పకుండా. "నల్ల గుర్రానికి చెమట నల్లగానే వస్తుంది మేడమ్. మేలుజాతి లక్షణం."

"వయసు ఆరేళ్ళన్నారుగా?"

"ఆరే! పెద్ద పెద్ద హీరోలు ఎక్కిన గుర్రమండీ."

ఫిల్మ్‌నగర్‌లో ప్రతి గుర్రాన్నీ ఎవరో ఒక హీరో ఎక్కే ఉంటాడు. ఏ గుర్రానికీ ఆరేళ్ళు దాటవు. ప్రణతి చూసిన వాటిలో ఇది నాలుగోది. ఒకటి కుంటుతుంటే "స్టైలండీ" అన్నారు. ఇంకొకటి నిలబడే నిద్రపోతుంటే "శాంత స్వభావం" అన్నారు. తర్వాత తెలిసింది, దానికి మత్తు సూది ఇచ్చి తెచ్చారట. కర్మ!

వెనక నుంచి ఎవరో పకపకా నవ్వారు.

షూటింగ్‌కి తెచ్చిన రెండు తెల్ల గుర్రాల పగ్గాలు పట్టుకుని ఒక కుర్రాడు గోడకానుకుని ఉన్నాడు. పాతికేళ్ళు దాటి ఉంటాయి. చామనఛాయ, చింపిరి జుట్టు, ఒళ్ళు మండించే నవ్వు.

"అంత నవ్వెందుకండీ?" అంది ప్రణతి.

"నవ్వక ఏం జేయాలె మేడం? రాత్రి డబ్బా రంగు పూసినట్టున్నరు. మీరొస్తున్నట్టు ముందే చెప్పిండ్రా?"

"చెప్పకుండా ఎలా వస్తాం? నిన్ననే మెసేజ్ పెట్టాను, కాల్ టైం ఆరున్నర అని."

"గుర్రానికి కాల్ టైం ఇచ్చిండ్రా!" వాడు ఇంకా నవ్వాడు. "మరి మేకప్ వేసుకోని రాదా? పొద్దుగాల సంది ఉరికిచ్చి ఉరికిచ్చి అలసగొట్టి తెచ్చిండ్రు. గా పక్కలు చూడుండ్రి, ఎట్ల ఎగురుతున్నయో. పరేషాన్ అయిన గుర్రం బుద్ధిమంతురాలి లెక్కనే కనవడ్తది."

ప్రణతి నాలుక కరుచుకుంది. వెబ్ సిరీస్‌లు తీసే కంపెనీలో ఆమె ప్రొడక్షన్ మేనేజర్. లైట్‌మన్ నుంచి హీరోయిన్ వాళ్ళమ్మ దాకా అందరికీ కాల్ టైం, అంటే సెట్‌కి రావాల్సిన వేళ, ఇవ్వడం ఆమె పని. అలవాటు చొప్పున గుర్రాలకూ ఇచ్చేసింది. నాలుగు గుర్రాలూ బుద్ధిగా తయారై వచ్చాయి. తన తెలివికి తనకే తల బాదుకోవాలనిపించింది.

అసలు ఈ తంటా అంతా చెల్లెలు నిహారిక కోసం. దానికి పదహారేళ్ళు, ఇంటర్ చదువుతోంది, గుర్రమంటే ప్రాణం. పోయినేడు స్వారీ నేర్పే చోట అద్దె గుర్రం బెదిరి పడేస్తే చెయ్యి విరిగింది. కట్టు విప్పిన రోజునే మళ్ళీ ఎక్కుతానని కూర్చుంది. తల్లి రాజ్యలక్ష్మి రెండు రోజులు అన్నం మానేసి, చివరికి ఒక షరతు మీద దిగొచ్చింది. "మంచి గుర్రం, నమ్మకమైన మనిషి దగ్గర్నుంచి కొనాలి. ప్రణతీ, పూచీ నీది. ఇది ఇంకోసారి పడిందో, ఈ జన్మకి స్వారీ లేదు." నిహారిక అక్క చెయ్యి పట్టుకుని, "నువ్వు ఎక్కమంటే కళ్ళు మూసుకుని ఎక్కేస్తానక్కా," అంది. ఆ మాటే ప్రణతికి రాత్రుళ్ళు నిద్ర లేకుండా చేస్తోంది.

"మీ దగ్గర అమ్మే గుర్రముందా?" అని అడిగింది, అడగడం ఇష్టం లేకుండానే.

"ఒకటుంది. మోతీ. గానీ ఊకెనే ఇయ్య. ఎక్కేదెవరు?"

"మా చెల్లి."

"కోపమెక్కువనా? పొద్దుగాల లేస్తదా? ఇంట్ల గుర్రమంటే పడనోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"ఏమండీ, ఇది గుర్రం బేరమా, పెళ్ళిచూపులా?"

"పెళ్ళిచూపులల్ల అబద్ధాలు నడుస్తయి మేడం. గీడ నడువయి," అన్నాడు. పేరు సృజన్ అని, బోరబండలో షెడ్డని, తండ్రి పోచయ్య కాలం నుంచీ షూటింగులకూ పెళ్ళి బారాత్‌లకూ గుర్రాలు కిరాయికిస్తారని చెప్పాడు. "ఎప్పుడొస్తరో మాత్రం చెప్పకుండ్రి."

మూడో రోజు మిట్టమధ్యాహ్నం, చెప్పకుండానే, అక్కచెల్లెళ్ళిద్దరూ వెళ్ళి దిగారు.

మోతీ తెల్లగా, ఒద్దికగా, నీడలో గడ్డి నములుతోంది. నిహారిక చెయ్యి చాపగానే అరచేతిలో మూతి పెట్టింది. పిల్ల అక్కడికక్కడే కరిగిపోయింది.

"అక్కా, ఇదే!"

"జర ఆగు బిడ్డా," అన్నాడు సృజన్. "దీనికి లోపాలున్నయి. గొడుగు చూస్తే బెదురుతది. బారాత్‌ల మర్ఫా డప్పుల సప్పుడు ఇంటే ఉరుకుతది. వాన పడితే అడుగు తియ్యది. ఇవి పోయేదాంక నేనియ్య."

ప్రణతికి ఒళ్ళు మండింది. మండుతూనే, ఎక్కడో లోపల చల్లగానూ అనిపించింది. తన సరుకుని తానే తిట్టుకునే వ్యాపారిని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు. ఇన్ని లోపాలు చెప్పినవాడు అబద్ధమెందుకు ఆడతాడు?

అలా మొదలైంది. వారానికి రెండు మూడు సార్లు, టైం చెప్పకుండా, బోరబండ. నిహారిక మోతీనెక్కి నెమ్మదిగా తిప్పుతుంటే, ప్రణతి దూరంగా నిలబడి గొడుగు తెరవాలి, మూయాలి. ఎండలో, ఊరంతా చూస్తుండగా.

"మెల్లగ, మెల్లగ! బెదురుతది!"

మోతీ గొడుగు వైపోసారి చూసి గడ్డి వైపు తల తిప్పుకునేది.

"ఎక్కడండీ బెదిరింది?"

"లోపల్లోపల బెదురుతున్నది మేడం. మీకు కనవడది. ఇంకో నాలుగు సార్లు రావాలె."

ఇంకోరోజు ఫోన్‌లో మర్ఫా పెట్టాడు. మోతీ చెవి ఒకటి కదిలింది.

"చూసిండ్రా, చెవి!"

"ఈగ వాలిందన్నా," అంది నిహారిక.

"ఈగ కూడ మర్ఫాకే బెదిరింది."

ఈ మనిషితో ఎలా వేగడం? తిట్టుకుంటూనే వెళ్ళేది. వెళ్తే టీ తెప్పించేవాడు. ఆమెని పేరుతో పిలవడం మొదలుపెట్టాడు, 'మేడం' పోయి 'ప్రణతి గారూ' అయింది. షూటింగ్‌లో ఎవరు ఏడిపించారో అడిగేవాడు. ఆమె చెప్పేది. చెప్పకుండా వెళ్ళే చోటుకి జుంకాలు పెట్టుకుని వెళ్తోందని నిహారికే పట్టుకుంది.

"గుర్రానికి కాల్ టైం లేకపోయినా నీకు మేకప్ ఉందే అక్కా!"

"నోర్మూసుకుని స్కూటర్ ఎక్కు."

నిహారిక సెలవులు అయిపోవచ్చాయి. "ఇంకెన్నాళ్ళే ఆ గుర్రం? ఆ మనిషి ఇస్తాడా, ఇవ్వడా?" అని రాజ్యలక్ష్మి పోరు. మోతీ లోపాలు మాత్రం తరగడం లేదు. పైగా ఎడమ వైపు తిరగడం కూడా దానికి గిట్టదని కొత్తగా ఒకటి చేరింది.

అప్పుడే ఒక సాయంత్రం ప్రణతి షూటింగ్ నుంచి వస్తూ కృష్ణానగర్‌లో ఇరుక్కుంది. కుండపోత వాన. ముందు పెళ్ళి బారాత్. మర్ఫా వాళ్ళు వానని కూడా లెక్కచేయకుండా చెవులు చిల్లులు పడేలా వాయిస్తున్నారు. పెళ్ళికొడుకు మీద నాలుగు వైపులా రంగురంగుల గొడుగులు. స్కూటర్ మీద తడిసి ముద్దవుతూ, విసుక్కుంటూ తలెత్తి చూసింది.

పెళ్ళికొడుకు కింద ఉన్నది మోతీ!

నెత్తిన గొడుగులు, పక్కన మర్ఫా, పైన వాన. మోతీ అమ్మవారి ఊరేగింపులా నిమ్మళంగా నడుస్తోంది. చెవి దగ్గర ఆటో హారన్ మోగితే తల కూడా తిప్పలేదు. సందు మొదట్లో చక్కగా ఎడమకి తిరిగింది. పగ్గం పట్టుకుని పక్కనే సృజన్.

ప్రణతి స్కూటర్‌కి స్టాండు వేసి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి గుర్రానికి అడ్డంగా నిలబడింది. మర్ఫా ఆగిపోయింది.

"ఏంటండీ సృజన్ గారూ! గొడుగు చూస్తే బెదురుతుందా? వానలో అడుగు తీయదా? ఎడమ గిట్టదా?"

సృజన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అది... ప్రణతి గారూ, జర పక్కకు రారి, చెప్త."

"ఇక్కడే చెప్పండి!"

పెళ్ళికొడుకు నాయనమ్మ బాలమణి గొడుగు కింది నుంచి ముందుకొచ్చింది. "ఏంది బిడ్డా, లగ్గం యాళ్ళ దాటుతున్నది. ఏం జేసిండు పోరడు?"

"అబద్ధాలు చెప్పాడండీ! ఒకటా, రెండా!"

"గుర్రం మంచిదని చెప్పిండా?"

"చెడ్డదని చెప్పాడు!"

బాలమణి నోరు తెరిచి, సృజన్ వైపు, ప్రణతి జుంకాల వైపు చూసి, మళ్ళీ మూసుకుంది. ఆమెకు అర్థమైపోయింది. ప్రణతికే ఇంకా కాలేదు.

"దానికి ఏ లోపం లేదు," అన్నాడు సృజన్ తల దించుకుని. "మొదటి రోజే ఇచ్చేటోణ్ణి. ఇస్తే మీరు తీస్కోని పోతరు. మళ్ళ బోరబండకు ఎందుకొస్తరు? గందుకే... ఒక లోపం చెప్పిన. మీరొచ్చిండ్రు. ఇంకోటి చెప్పిన. నాకు మీరు రావాలె, గంతే. నాకు మీరంటే ఇష్టం ప్రణతి గారూ."

మర్ఫా వాళ్ళలో ఎవడో ఈల వేశాడు. ప్రణతి గుండె ఝల్లుమంది. అంతలోనే కోపం రెండింతలై తన్నుకొచ్చింది.

"ఇష్టమైతే ఇష్టమని చెప్పాలి! గుర్రం మంచిదని అబద్ధం చెప్పినా, చెడ్డదని అబద్ధం చెప్పినా నాకు ఒకటే. నా చెల్లెలు నా మాట నమ్మి ఎక్కుతుంది. నేను నీ మాట నమ్మి ఎక్కిస్తున్నాను. ఇప్పుడు నేను ఎవర్ని నమ్మాలి? చెప్పు!" మీరు పోయి నువ్వు వచ్చేసిందని ఆమె గమనించలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

సృజన్ నవ్వు ఎటు పోయిందో పోయింది. "నన్ను నమ్మకుండ్రి," అన్నాడు. "మోతీని పంపిస్త. మీ స్వారీ నేర్పేకాడ ఓ నెల ఉంచుకోండ్రి. మీ డాక్టర్‌కే చూపియ్యుండ్రి. చెల్లె ఎక్కి చూస్తది. నేను గా దిక్కు రాను, ఫోన్ గూడ చెయ్య. అప్పుడు కూడ వద్దనుకుంటే తోలియ్యుండ్రి."

"సరే," అంది ప్రణతి. స్కూటర్ తీసింది. వెనక మర్ఫా మళ్ళీ అందుకుంది. మోతీ కదిలింది.

అన్నట్టే మర్నాడు స్వారీ నేర్పే చోటికి మోతీ వచ్చింది. పశువుల డాక్టర్ వందన దాని పళ్ళు, కాళ్ళు, గుండె, కళ్ళు అన్నీ చూసింది. "లోపం వెతకమంటే నా వల్ల కాదు ప్రణతీ. ఎక్కడ దొరికాడు ఇలాంటి గుర్రాన్ని ఇచ్చే మనిషి?" అంది. "మనిషి సంగతి అడక్కు," అంది ప్రణతి. అన్నట్టే సృజన్ రాలేదు, ఫోన్ చేయలేదు. అన్నమాట ఇంత గట్టిగా నిలబెట్టుకోమని ఎవరు ఏడ్చారు? ఫోన్ మోగితే చాలు ప్రణతి ఉలిక్కిపడేది. ప్రతిసారీ లైట్‌మనో, జనరేటర్ డ్రైవరో! ఆ రోజుల్లో ఆమె చేతిలో తిట్లు తినని మనిషి సెట్‌లో లేడు.

నెల నిండే రోజున రాజ్యలక్ష్మి తనే చూస్తానని వచ్చింది. వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. గొడుగు తెరిచి, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ కంచె పక్కన నిలబడింది. నిహారిక మోతీని పరుగెత్తించింది. ఒక చోట మట్టి జారి మోతీ ముందరి కాళ్ళు తడబడ్డాయి. నిహారిక ముందుకు తూలింది. రాజ్యలక్ష్మి కెవ్వుమంది. మోతీ బెదరలేదు, గెంతలేదు. తమాయించుకుని ఠక్కున ఆగి, వీపు మీది పిల్ల సర్దుకునేదాకా రాయిలా నిలబడింది. నిహారిక దాని మెడ కావలించుకుని ముద్దుపెట్టుకుంది.

రాజ్యలక్ష్మి కళ్ళు తుడుచుకుని, "ఆ అబ్బాయిని ఇంటికి రమ్మను," అంది.

సృజన్ శ్రీనగర్ కాలనీకి ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. సోఫా అంచున కూర్చున్నాడు. ప్రణతి వాడి వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని తలుపు పక్కన నిలబడింది. ఆ ఒట్టు కాఫీ వచ్చేదాకా కూడా ఆగలేదు.

"బాబూ, నిహారిక అంతా చెప్పింది," అంది రాజ్యలక్ష్మి. "గుర్రం మాకు నచ్చింది. ఇక రెండో సంగతి. నువ్వు దాపరికం చేసినా నేను చేయను. మా పెద్దదానికి ముక్కు మీద కోపం. వంట రాదు. ఇంటికి ఏ వేళకొస్తుందో దానికే తెలీదు. కట్టుకునేవాడికి కూడా కాల్ టైం ఇస్తుంది. తను తప్పు చేసినా ఎదుటివాళ్ళనే అరుస్తుంది."

"అమ్మా!" అంది ప్రణతి.

సృజన్ అన్నీ శ్రద్ధగా విన్నాడు. కప్పు కింద పెట్టాడు. నెల రోజుల తర్వాత ఆ ఒళ్ళు మండించే నవ్వు మెల్లగా మొహం మీదికి వచ్చింది.

"ఇవన్ని నిజమేనా ఆంటీ? లేకపోతే నన్ను మళ్ళ మళ్ళ రప్పిచ్చుకోనికి చెప్తున్నరా?"

రాజ్యలక్ష్మి జవాబు చెప్పబోయేలోపే ప్రణతి తలుపు దగ్గర్నుంచి కదిలి వచ్చింది. నెల రోజుల ఉక్రోషమంతా గొంతులో ఉంది.

"అన్నీ నిజమే. ఒక్కటి కూడా పోయేది కాదు," అంది. "అయినా రోజూ రా."