ఏడవని అక్క పగ

పొద్దున్నే షట్టరు ఎత్తి, పార్లర్లో అద్దాలు తుడిచి, కత్తెరలు వేడినీళ్లలో వేసింది అక్క. నాన్న పోయిన దగ్గర్నుంచీ ఆమెకు కడుపులో ఏదో ముద్ద కట్టినట్టుంది. దవడలు పట్టేస్తున్నాయి. అరగడం లేదేమోనని మాత్ర వేసుకుంది. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే కాసేపు లోపల వెతుక్కుని, "ఏమో, ఏం లేదు" అనేది. చిన్నప్పుడు దెబ్బ తగిలినా అంతే. అందుకే ఇంట్లో ఆమెకు 'బండ' అని పేరు పడింది.

తొలి బేరంగా చెల్లెలే వచ్చింది. మర్నాడు ఆఫీసులో ఆమెకు సన్మానం. నాన్న మురిసిపోయే జుట్టు ఆమెది, నడుము దాటి ఉంటుంది.

"కొసలు మాత్రమే అక్కా. ఒక్క అంగుళం."

"సరే."

నాన్న ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు ఈ చెల్లెలు కబురు చెయ్యలేదు. అంతా అయిపోయాక ఫోన్ చేసింది. అప్పుడూ అక్క "సరే" అనే అంది.

దువ్వెన చిక్కుల్లోకి కసిగా దిగింది.

"అబ్బా! నెమ్మదిగా!"

కత్తెర మెడ దగ్గరకొచ్చి ఆగింది. కరకరమంది. బారెడు జుట్టు కుర్చీ వెనక కుప్పగా పడింది.

చెల్లెలు అద్దంలో చూసుకుని కెవ్వుమంది. "ఏం చేశావక్కా! కావాలనే చేశావు! పగ తీర్చుకున్నావు కదూ?"

"నాకేం పగ? చెయ్యి జారి..." అంటూనే అక్క తన చేతిని చూసుకుంది. కత్తెరని గట్టిగానే పట్టుకుని ఉంది. లోపల హాయిగా ఉంది. ఇంకా కత్తిరించాలనిపించింది. "నన్నెందుకు పిలవలేదే?" ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియలేదు.

"వచ్చి ఏం చేస్తావని? అమ్మ పోతే ఒక్క చుక్క రాల్చావా? వచ్చినవాళ్లకి కుర్చీలు వేస్తూ తిరిగావు!"

"ఏడవనివాళ్లకి నాన్న ఉండడా?"

చెల్లెలు తల వంచుకుని, "అడిగాడక్కా" అంది. "'పెద్దది వచ్చిందా' అని రెండుసార్లు అడిగాడు. 'దానికి చెప్పుకోవడం చేతకాదు, నువ్వే కనుక్కుంటూ ఉండు' అన్నాడు. చెబితే నా తప్పు బయటపడుతుందని దాచాను."

అక్క కత్తెర బల్లమీద పెట్టింది. చెల్లెలి భుజం మీద ఒక్క గుద్దు గుద్దింది. ఇంకొకటి. చెల్లెలు కదల్లేదు. ఆ తర్వాత అక్కకి చెయ్యి లేవలేదు. ముఖమంతా తడిసిపోయింది.

"ఇదేంటే? కోపమేనా?" అని అడిగింది, నిజంగానే తెలియక.

"కోపమూ ఉంది, ఏడుపూ ఉంది." చెల్లెలు ఆమెను దగ్గరికి లాక్కుంది. "రెండూ నీవేనక్కా."

"నాన్నా!" అని అక్క గొంతెత్తింది. తలుపు తోసుకుని బేరానికొచ్చిన మనిషి చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లిపోయింది.