పక్క మంచం క్లిప్పు

మధ్యాహ్నం భోజనాల వేళ. నార్వే ఉత్తరపు కొసన నడిచలికాలంలో సూర్యుడు పొడవడు కాబట్టి కిటికీ అవతల మసకచీకటి. ఆసుపత్రి వార్డులో కాఫీ వాసన, నేల తుడిచిన మందు వాసన. తూరున్ అనే నర్సు చేతిలో ప్లేటు పెట్టి, సున్నీవ అనే ముసలామె పక్కనే కూర్చుంది.

"తిను తల్లీ, పొద్దున్నే కాల్చాను. పిట్టలా కొరుకుతావేం? మా ఆయనైతే నాలుగు మింగి, ఆ తర్వాత వంక పెట్టేవాడు. నువ్వు ఆయన్ని సొంత మనిషిలా చూసుకున్నావు."

వెన్న, చక్కెర రాసి చుట్టిన మెత్తటి రొట్టె. తూరున్ దాన్ని ప్లేటులోనే అటూ ఇటూ తిప్పుతోంది.

సున్నీవ భర్త ఐలిఫ్ చేపల పడవ మనిషి. మెదడులో రక్తనాళం చిట్లి ఇక్కడికి వచ్చాడు. అదే వారం అదే జబ్బుతో తూరున్ పెద్దమ్మ రాగ్న పక్క మంచంలో చేరింది. తల్లి పోయాక తూరున్‌ను పెంచింది ఆవిడే. వార్డులో అప్పుడే ఓ కొత్త వైద్యాన్ని పరీక్షిస్తున్నారు. చెవికి క్లిప్పు తగిలిస్తే సన్నటి కరెంటు నరం గుండా పోయి మెదడు వాపు తగ్గిస్తుందట. కోత లేదు, సూది లేదు. ఇద్దరిలో ఒకరి క్లిప్పులో కరెంటు ఉంటుంది, రెండోది ఉత్తుత్తిది. ఏది ఎవరిదో డాక్టర్లకు కూడా తెలియకూడదు. అప్పుడే వైద్యం గుణం నిజంగా తేలుతుంది.

తూరున్ తలుపేసుకుని రెండూ తన చెవికే పెట్టి చూసుకుంది. చీమలు పాకినట్టు అనిపించింది ఐలిఫ్ క్లిప్పుతోనే. గుట్టుచప్పుడు కాకుండా మార్చేసింది.

పెద్దమ్మ తేరుకుంటోంది. ఐలిఫ్ పోయాడు. ఆ కరెంటు అతన్ని బతికించేదో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ అది అతని వాటా, దొంగిలించింది తను. సిగ్గుతో ఆ ముసలామె ముఖంలోకి చూడలేకపోయింది.

"మీ పెద్దమ్మను ఒక్కసారి చూసి పోతాను," అంది సున్నీవ.

తూరున్ ముందు నడిచి గది తలుపు తీసింది.

గదిలో చిన్న దీపం. రాగ్న కళ్లు మూసుకుని పడుకుంది, చెవికి క్లిప్పు. జబ్బు చేసిననాటి నుంచి ఆమెకు మాట లేదు. ఐలిఫ్ పడుకున్న పక్క మంచం ఖాళీ. తెర సగం లాగి ఉంది. ఎక్కడినుంచో ఉప్పునీటి వాసన... తడిసిన తాళ్ల వాసన...

రాగ్న పెదవులు కదిలాయి.

"ఏమే పిల్లా... పడవ తాడు బిగించావా?"

గొంతు ఆమెదే. యాస కాదు.

సున్నీవ చేతిసంచి జారి కిందపడింది. "నన్నట్లా పిలిచేది... ఆయనొక్కడే."

ఆమె అరవలేదు, పారిపోలేదు. మంచం అంచున కూర్చుని, ఆ పెదవుల దగ్గరగా వంగింది.

"చెప్పు. వింటున్నా."

గుసగుసలు... చాలాసేపు... తూరున్ గోడకు అతుక్కుపోయింది.

సున్నీవ మెల్లగా తల తిప్పింది.

"ఈ అమ్మాయేనా?"

కళ్లు మూసుకునే, రాగ్న తల ఊపింది.

తూరున్ ఒక్క ఉదుటున వచ్చి క్లిప్పు లాగేసింది. "పెద్దమ్మా! నీ కోసమే చేశాను... తప్పయింది... పెద్దమ్మా!"

రాగ్న కళ్లు తెరిచింది. పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

అప్పుడు తెర వెనక నుంచి, దుప్పటి మడత నలగని ఆ ఖాళీ మంచం మీద నుంచి, చిన్నప్పుడు తూరున్‌ను జోకొట్టిన గొంతు వినిపించింది.

"బుజ్జీ... ఇక్కడ చాలా చలిగా ఉందే. నన్నెందుకు ఇటు మార్చావు?"